వచన పితామహుడు శ్రీ ఫ. గు. హళకట్టి: కాయకము, ఆత్మగౌరవము

మానవుడు తన విలువను తాను తెలిసికొనుటకు పూర్వమే లోకము దానిని నిర్ణయించి యుంచును. పుట్టిన యిల్లు, ఆడు భాష, తండ్రి చేయు వృత్తి, వీనిని చూచి ఇరుగుపొరుగువారు ఒక వెల కట్టుదురు. బాలుడు ఆ వెలనే నిజమని నమ్మి పెరుగును. పెద్దవాడైన పిదప కొందరు ఆ వెల తక్కువని లోలోన క్రుంగుదురు. మరికొందరు దానిని పెంచుకొనుటకై పరుల గుమ్మముల చుట్టు తిరుగుదురు. వెల కట్టిన త్రాసు సరియైనదేనా యని అడుగువారు మిక్కిలి అరుదు. బిజాపురపు వకీలు శ్రీ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టిగారు అట్టి అరుదైనవారిలో ఒకరు.

వీరు 1880వ సంవత్సరము జూలై 2వ తేదీన ధారవాడలో జన్మించిరి. తండ్రి గురుబసప్పగారు ఉపాధ్యాయులు, కన్నడమున రచనలు చేసినవారు. తల్లి దానమ్మగారు కుమారుని పసితనముననే లింగైక్యము చెందిరి. ధారవాడ ఆ కాలమున బొంబాయి రాజధానిలోని భాగము. కన్నడము మాటలాడు జిల్లాలే యైనను బడులలోను కచేరీలలోను మరాఠీదే పైచేయిగా నుండెను. చదువుకొన్నవాడు నలుగురిలో కన్నడము మాటలాడుటకు సంకోచించు దినములవి. ఈ స్థితి తెలుగువారికి క్రొత్త కాదు. 1921లో హైదరాబాదునందలి వివేకవర్ధిని సభలో తెలుగున ప్రసంగింపబూనిన న్యాయవాదిని సభాసదులు హేళన చేయగా, ఆ అవమానమునుండియే ఆంధ్ర జన సంఘము పుట్టిన సంగతి మనవారందరు ఎరిగినదే.

ధారవాడలో చదువు ముగించుకొని హళకట్టిగారు బొంబాయిలోని సెంట్ జేవియర్ కళాశాలలో చేరిరి. అచ్చట మరాఠీవారు, గుజరాతీవారు తమ తమ భాషలను, తమ పూర్వకవులను ఎంత ఆదరముతో తలచుకొనుచుండిరో ఆయన కన్నులార చూచిరి. కన్నడ జిల్లాలనుండి వచ్చిన విద్యార్థులకు అట్లు తలచుకొనుటకు తమకు ఏమి కలదో తెలియదు. ఏమియు లేక కాదు, తెలియక. ఈ రెంటికి గల భేదము ఆ యువకుని మనస్సులో గట్టిగా నాటుకొనెను. 1904లో న్యాయశాస్త్ర పట్టము పొంది మొదట బెళగాంలో, పిదప బిజాపురములో ఆయన వకీలు వృత్తి నారంభించిరి.

ఆ కాలమున వీరశైవ సమాజము తన్ను గూర్చి తాను ఏమని తలంచుకొనుచుండెనో కొంత చెప్పవలెను. మైసూరు సంస్థానమున 1881 జనాభా లెక్కలలో లింగాయతులను శూద్రవర్ణములో చేర్చిరి. సమాజ ప్రముఖులు దీనికి నొచ్చుకొనిరి, నొచ్చుకొనుట న్యాయమే. కాని వారిలో పెక్కుమంది చేసిన ప్రయత్నమేమి? తమను పై మెట్టుపై వ్రాయింపుడని అర్జీలు పెట్టుకొనిరి. మెట్లే వలదని ఎనిమిది వందల యేండ్లకు పూర్వము కల్యాణములో నిలిచి చెప్పిన బసవేశ్వరుని సంతతివారు, అదే నిచ్చెనపై ఒక మెట్టు ఎక్కించుడని దొరలను వేడుకొనవలసి వచ్చెను! దీనికి వారిని నిందించుట తగదు. ఆ శరణులు ఏమి చెప్పిరో వారిలో చదివినవారు బహు స్వల్పులు. వచనములు తాళపత్రములలో ఉండెను. తాళపత్రములు మఠముల అటకలపైన, గృహస్థుల పూజామందిరములలోను ఉండెను. పసుపు కుంకుమలతో వానిని పూజించుచుండిరి, విప్పి చదువుటలేదు.

రబకవి బనహట్టి ప్రాంతమున ఒక గృహస్థు ఇంటిలో హళకట్టిగారికి అట్టి తాళపత్రముల కట్టలు కనబడెను. కుతూహలముతో విప్పి చదివిరి. అంతకు ముందు కొద్దిమంది శరణుల పేర్లు మాత్రమే ఆయనకు తెలియును. ఆ ఆకులలో పడవ నడుపువాడు, బట్టలుతుకువాడు, త్రాడు పేనువాడు, తాంబూలపు సంచి మోయువాడు, వడ్లు దంచు స్త్రీ, వీథిలో రాలిన బియ్యపుగింజ లేరు దంపతులు, ఒకప్పుడు వెలయాలుగా బ్రతికిన శరణి, వీరందరు వరుసగా నిలిచి మాటలాడుచుండిరి. అది పండితుల భాష కాదు, ఇంటిలో మాటలాడు భాష. ఆ వకీలు ఆనాటినుండి మునుపటి వకీలుగా ఉండలేదు.

శరణుల పేర్లను పాఠకులు ఒకసారి పరికింపవలెను. అంబిగర చౌడయ్య, మడివాళ మాచయ్య, నులియ చందయ్య, హడపద అప్పణ్ణ. ఎవ్వరును తమ వృత్తిని దాచుకొనలేదు. లోకము ఏ పనిని చూపి వారిని చిన్నచూపు చూచెనో ఆ పనినే పేరునకు ముందు నిలుపుకొనిరి. వచనకారులు తమ వచనమును ఇష్టదైవపు పేరుతో ముగించుట ఆచారము. బసవేశ్వరునిది కూడలసంగమదేవుని అంకితము, అల్లమప్రభువుది గుహేశ్వరుని అంకితము, అక్కమహాదేవిది చెన్నమల్లికార్జునుని అంకితము. పడవవాడైన చౌడయ్య మాత్రము తన పేరునే అంకితముగా వాడెను. దానిని అహంకారమని తీసివేయుట సులభము. కాని రాజుకైనను పేదకైనను ఒకే ఏరు దాటించు మనిషి తన మాటకు తానే పూచీపడుటలో గల ధైర్యము అహంకారము కాదు.

ఆయ్దక్కి లక్కమ్మ కథ ఈ సందర్భమున చెప్పదగినది. ఆమె భర్త మారయ్య కల్యాణములో నేలరాలిన బియ్యము ఏరి తెచ్చును. ఆ బియ్యముతోనే వారి దాసోహము జరుగును. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆ అధికపు గింజలు తమ కాయకమునకు చెందినవి కావనియు, వానిని ఏరిన చోటనే పోసి రావలసినదనియు భర్తకు చెప్పి పంపెను. ఆమెకు ఇల్లు లేదు, పొలము లేదు, లోకము గౌరవించు కులము లేదు. తన పని ఎంతయో, దాని ఫలము ఎంతయో ఆమెకు రవ్వంత సందేహము లేకుండ తెలియును. ఎక్కువ తీసికొన్నచో ఆ తెలివికి భంగము వచ్చును. తన్ను తాను సరిగా ఎరుగుట యన్న ఇట్టిది. ఇది అద్దములో ముఖము చూచుకొని మురియుట కాదు. కల్యాణమున స్త్రీలు ముప్పదిమందికి పైగా వచనములు చెప్పిరన్నచో, అచ్చట మనుష్యులకు తమ పైన ఎట్టి విశ్వాసము కలిగెనో ఊహించుకొనవచ్చును.

ఈ మాటలు ఆకులలో చెదలు పట్టిపోవుచుండగా, వీనిని చెప్పినవారి వారసులు లెక్కల పుస్తకములో తమ పేరు ఏ వరుసలో వ్రాయబడెనో చూచుకొని దుఃఖించుచుండిరి. హళకట్టిగారు అర్జీ వ్రాయలేదు. ఊరూర తిరిగి తాళపత్రములను సేకరింప నారంభించిరి.

ఆ పని ఎంత కష్టమో చెప్పినగాని తెలియదు. పూజలో నున్న కట్టను ఇచ్చుటకు గృహస్థు ఒప్పుకొనడు. ఒప్పుకొన్నను ఆకులు పెళుసుబారి విరుగును. పదమునకు పదమునకు నడుమ ఎడముండదు, విరామ చిహ్నము లుండవు. ఒక లేఖకుడు తప్పు వ్రాసిన దానిని మరియొకడు మరింత తప్పుగా వ్రాసియుండును. ఒకే వచనము రెండు కట్టలలో రెండు తీరుల నుండును. అంకితమును పట్టి అది ఎవరిదో నిర్ణయింపవలెను. పగలు న్యాయస్థానమున కక్షిదారుల వ్యాజ్యములు, రాత్రి దీపము ముందు తాళపత్రములు. ఇట్లు ఏండ్లు గడచెను. 1922లో ఆయన బసవేశ్వరుని వచనములను కొన్నింటిని ఆంగ్లములోనికి అనువదించి ఇండియన్ యాంటిక్వరీ యను పరిశోధన పత్రికలో ప్రకటించిరి.

ఇంతలో లోకహిత కార్యములు ఆగలేదు. 1904లో ధారవాడలో వీరశైవ మహాసభ ఏర్పడినప్పటినుండి సమాజమున విద్యపై శ్రద్ధ పెరుగుచుండెను. 1910లో బిజాపుర జిల్లాలో లింగాయతు విద్యాసంస్థ నెలకొల్పుటకు హళకట్టిగారు ముందు నిలిచిరి. 1912లో సిద్ధేశ్వర సహకార బ్యాంకు వెలసెను. బిజాపురము కరవుల సీమ. అప్పు పుట్టక వడ్డీవ్యాపారి అరుగుపై చేతులు కట్టుకొని నిలిచిన రైతునకు ఆత్మగౌరవమును గూర్చి ఉపన్యాసము లిచ్చిన ఫలమేమి? ముందు అతడు తలయెత్తి అడుగదగిన చోటొకటి ఉండవలెను గదా. ఆ బ్యాంకు అట్టి చోటుగా పుట్టెను.

సేకరించిన వచనములను విషయానుసారముగా కూర్చి హళకట్టిగారు వచనశాస్త్రసారమను గ్రంథమును సిద్ధము చేసిరి. మంచి అచ్చునకు పేరుపడిన మంగళూరు బాసెల్ మిషన్ ముద్రణాలయమునకు ఆ వ్రాతప్రతిని పంపిరి. అది అచ్చు కాకయే తిరిగి వచ్చెను. ఎన్నో యేండ్ల శ్రమ ఒక పెట్టెలో ఇంటికి తిరిగివచ్చి కూర్చున్నప్పుడు ఎవ్వని మనస్సైనను దిగజారును. ఇతరుల అంగీకారముపైననే తన విలువ ఆధారపడియున్నవాడు అంతటితో ఆ పెట్టెకు తాళము వేయును. హళకట్టిగారు బెళగాంలో మరియొక ముద్రణాలయమును వెదకికొనిరి. 1923లో వచనశాస్త్రసారము మొదటి భాగము వెలువడెను.

ఆ గ్రంథము వెలువడగా కన్నడ పండితలోకము నివ్వెరపోయెను. అంతవరకు సాహిత్య చరిత్రలలో సుమారు ఏబదిమంది వచనకారుల పేర్లు మాత్రమే కానవచ్చుచుండెను. హళకట్టిగారి కృషి వలన ఆ సంఖ్య రెండు వందల ఏబదికి మించెనని చెప్పుదురు. పాఠాంతరములను నిర్ణయించుటలో తరువాతి పండితులు ఆయనకంటె ముందునకు పోయిన మాట నిజమే. పోవుటకు వారికి దారి యున్నది, ఆయనకు లేదు.

పరుల ముద్రణాలయములను నమ్ముకొని ఈ పని సాగదని ఆయనకు తేటపడెను. కావున స్వంతముగా ముద్రణాలయము పెట్టదలచిరి. ధనము లేదు. ఉన్నది ఒక ఇల్లు. ఆ ఇంటిని అమ్మివేసి 1925లో బిజాపురమున హితచింతక ముద్రణాలయమును స్థాపించిరి. తాము అద్దె యింటిలోనికి మారిరి. 1926లో శివానుభవ పత్రికను, 1927లో నవకర్ణాటక వారపత్రికను ఆరంభించిరి. వకీలు వృత్తి క్రమముగా వెనుకబడెను.

ఇల్లు అమ్ముట యన్నది ఒక వాక్యములో వ్రాసివేయుటకు సులభముగానే యుండును. అది ఒక్కని త్యాగము కాదు. వంట యింటిలో నిలువలు తగ్గినప్పుడు మొట్టమొదట తెలియునది ఇల్లాలికి. వకీలుగారి బిడ్డలని పేరు గలవారు పేదవారి బిడ్డలవలె పెరిగిరి. ఆ గృహిణి, ఆ సంతానము పడిన కష్టమునకు హళకట్టిగారి చరిత్రలలో తగినంత చోటు దొరకలేదు. వచన వాఙ్మయము వారికిని ఋణపడియున్నది.

పత్రికకు చందాదారులు కొద్దిమంది. అచ్చు దిద్దువారు, కట్టలు కట్టువారు, తపాలాకు మోసికొనిపోవువారు, అన్నియు చాల వరకు హళకట్టిగారే. పాత సైకిలుపై పుస్తకముల సంచి పెట్టుకొని బిజాపుర వీథులలో పోవుచుండిన ఆ వృద్ధుని, చినిగినచోట అతుకులు వేసికొన్న ఆయన కోటును చూచినవారు చాలకాలము చెప్పుకొనిరి. చదువుకొన్నవాడు, ఒకప్పుడు న్యాయస్థానమున పేరుపొందినవాడు ఇట్లు తిరుగుచుండగా జాలిపడినవారు ఉండిరి, నవ్వినవారును ఉండియుందురు. ఆయన జాలిని స్వీకరింపలేదు, నవ్వునకు మార్పు చెందలేదు. దరిద్రమును ఒక అలంకారముగా చూపుకొన్నవారును కారు. కోటు చలికి ఆగుచున్నది, సైకిలు నడచుచున్నది, పత్రిక వెలువడుచున్నది. లెక్క అంతటితో సరి.

ఆత్మగౌరవము, ఆడంబరము ఒకే యింటిలో పుట్టినట్లు కనబడును గాని వాని నడక వేరు. ఆడంబరమునకు ఎప్పుడును చూచువారు కావలెను. హళకట్టిగారి జీవితమున పెద్దభాగము చూచువారు లేని గదిలో గడచెను. తన పేర ఒక మతమును, ఒక శిష్యబృందమును కట్టుకొనుటకు ఆయనకు అవకాశములు లేకపోలేదు. మాచయ్య మాటను మాచయ్య మాటగా, సోమవ్వ మాటను సోమవ్వ మాటగా అచ్చువేయుటతో ఆయన తృప్తిపడిరి. వారు చెప్పినది వారి పేరనే నిలువవలెను. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి ఒక దంపుడు కత్తె పేరు అచ్చక్షరములలో చూచి, నేటి దంపుడు కత్తె మనుమడు తన అవ్వ చేసిన పనికి సిగ్గుపడనక్కరలేదని గ్రహింపగలడు. ఏ ఉపన్యాసమును ఇంత పని చేయలేదు.

1926లో బళ్ళారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనమునకు హళకట్టిగారిని అధ్యక్షులుగా ఎన్నుకొనిరి. బళ్ళారి ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. తెలుగు, కన్నడము రెండును వీథి వీథిన వినబడు పట్టణము. వీరశైవమునకు ఈ రెండు భాషల నడుమ గోడ యెన్నడును లేదు. పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో చెప్పిన బసవపురాణమును 1369లో భీమకవి కన్నడమునకు కొనిపోయెను. పండితులు చిన్నచూపు చూచిన ద్విపదను సోమనాథుడు కావ్యమునకు ఎన్నుకొనుటలో గల నిబ్బరమును, పడవవాని మాటను శాస్త్రమని పేరుపెట్టి అచ్చువేయుటలో గల నిబ్బరమును ఒకే జాతికి చెందినవి. హళకట్టిగారు వచనములతో ఆగక, హరిహరుని రగడలను, శూన్యసంపాదనమును గూడ ప్రకటించి శివశరణ సాహిత్యమును లోకమునకు అందించిరి.

బ్రిటిషు ప్రభుత్వము ఆయనకు బిరుదములిచ్చెను. 1956లో కర్ణాటక విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరేటుతో సత్కరించెను. అప్పటికి ఆయన వయస్సు డెబ్బది ఆరు. ప్రజలు ప్రేమతో ఇచ్చిన వచన పితామహ యను పేరే ఈ అన్నింటికంటె గట్టిగా నిలిచెను. ప్రసిద్ధ కన్నడ కవి బి. ఎం. శ్రీకంఠయ్యగారు బిజాపురమునకు వచ్చినప్పుడు, అచ్చటివారు ముందుగా గోల్ గుమ్మటమును చూడ రమ్మనిరట. తాను ముందు చూడవచ్చినది వచన గుమ్మటమును అని తెలిపి ఆయన నేరుగా హళకట్టిగారి ఇంటికి పోయిరని చెప్పుకొందురు. ఏ మాటయైనను రెట్టించి పలుకు గుమ్మటముతో ఈ మనిషిని పోల్చుట కవికి తగిన ఊహయే.

బిరుదములు వచ్చినప్పుడు ఆయన దినచర్యలో మార్పు రాలేదు. ఇది తలంచుకొనదగినది. బాసెల్ మిషన్ వారు వ్రాతప్రతిని త్రిప్పి పంపిననాడు ఎంత పని చేసిరో, విశ్వవిద్యాలయము శాలువ కప్పిననాడును అంత పనియే చేసిరి. ఇప్పటి మనశ్శాస్త్రజ్ఞులు, పొగడ్తతో ఉబ్బి తెగడ్తతో కృశించు ఆత్మాభిమానము ఆరోగ్యకరమైనది కాదని చెప్పుదురు. దేశకాలములు వేరైనను కల్యాణపు శరణులకు ఈ సంగతి తెలియును. మనిషి గౌరవమును వారు పుట్టుకనుండి, పొగడ్తనుండి విడదీసి కాయకముతో ముడివేసిరి. నేడు కచేరీలో పై అధికారి కనుసన్నను బట్టియు, పరీక్షలో వచ్చిన అంకెను బట్టియు తమ వెలను దినదినము మార్చుకొనుచున్న యువతీయువకులకు ఈ బిజాపుర వకీలు కథ దూరపు కథ కాదు.

ఆయన చేసిన పనిలో ఒక కొరతయు కలదు. సమాజము తన గతమును తెలిసికొని తలయెత్తుట నేర్చుకొనెను గాని, ఆ వచనములు అడుగుచున్న ప్రశ్నలను తన యింటిలో తాను అడుగుకొనుట అంతగా నేర్చుకొనలేదు. మాదార చెన్నయ్య సంతతివాడనని చెప్పుకొనుటకు బసవేశ్వరుడు వెనుకాడలేదు. ఆయన పేరు చెప్పుకొనువారిలో ఉపకులముల ఎక్కువతక్కువలు ఇంకను మిగిలియున్నవి. ఇది అచ్చువేసినవాని లోపము కాదు. చదివినవారి లెక్కలో వ్రాయవలసినది.

1964 జూన్ 29వ తేదీన హళకట్టిగారు లింగైక్యము చెందిరి. ఆయన పేర విజయపురమున, అనగా నాటి బిజాపురమున, ఒక ఇంజనీరింగు కళాశాల, పరిశోధన కేంద్రము నడచుచున్నవి. 1910లో మొలకెత్తిన విద్యాసంస్థ నేడు విశ్వవిద్యాలయము గూడ కలిగిన మహావృక్షమైనది. ఆయన వేసిన బాటలో ఎందరో పండితులు పనిచేయగా 1993లో కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సంపుటములను 15 భాగములుగా ప్రకటించెను. అందు ఇరువది వేలకు పైగా వచనములు కలవు. పిదప బెంగుళూరు బసవ సమితివారు 2,500 వచనములను ఎన్నుకొని అనేక భారతీయ భాషలలోనికి అనువదింపజేసిరి. వానిలో తెలుగు ఒకటి. చౌడయ్య, లక్కమ్మ, చందయ్యల మాటలు నేడు తెలుగు పాఠకుని చేతికి వచ్చుచున్నవి. అందు పెక్కు మాటలు తాళపత్రమును విడిచి తొలిసారి అచ్చుసిరా చూచినది, ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్ముతో కొన్న ఆ హితచింతక ముద్రణాలయపు యంత్రముపైననే.